గుమ్మం చెప్పే శుభం

వైశాఖ శుద్ధ తదియ, రోహిణి

పదో తరగతి పరీక్షలు రాసిన తర్వాత నేను మళ్ళీ కలం పట్టుకోవడం ఇదే. వేసవిలో వీధి జనమంతా తలదాచుకునే ఈ చల్లింట్లో రాయవలసినవన్నీ యంత్రపు గుమ్మమే రాసుకుంటుంది. ఎవరు లోపలికి వచ్చారు, ఒంటి వేడి ఎంత, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఎవరు ఎప్పుడు బయటికి వెళ్ళారు, అన్నీ దానికే తెలుసు. నాకు ఆ శ్రమ లేదని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను.

నిన్న సూరమ్మ పిన్నిని మంచంతో సహా ఎత్తి బయటికి తీసుకెళ్తుంటే గుమ్మం ఎప్పటిలాగే తీయగా పలికింది. "శుభం. ఆరోగ్యంగా ఇంటికి చేరండి."

పిన్ని వీధి మలుపు దాటలేదు. ఆ లోపలే ప్రాణం పోయింది.

గుమ్మం ఆమె కోలుకుందని రాసుకుంది. దాన్ని సరిదిద్దే మీట నా దగ్గర లేదు. రాత్రి జపానికి కూర్చుంటే ఆ తీయని గొంతే చెవిలో తిరిగింది. స్వామికి తెలుసు కదా, నేను రాయడమెందుకు అని కూడా అనుకున్నాను. కానీ స్వామికి తెలియడం వేరు, ఎక్కడో ఒకచోట రాసి ఉండడం వేరు అనిపించింది. అందుకే ఈ కాగితాలు.

నా పేరు వరహాలమ్మ. సముద్రం మా ఊళ్ళను తీసుకున్నాక మమ్మల్ని తెచ్చి పెట్టిన కాలనీ ఇది. ఇందులో ఐదో వీధి చల్లింటిని నేను చూసుకుంటాను.

వైశాఖ శుద్ధ సప్తమి, పుష్యమి

పొద్దున్నే ఎర్రకూత వినిపించేలోగా నా పనులు అయిపోవాలి. కూత పెట్టాక సాయంత్రం దాకా ఎవరూ ఎండలోకి వెళ్ళకూడదు. బళ్ళు నడవవు. నేను వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు పోస్తాను, కుండలో ఉప్పుగంజి కలుపుతాను, ఈ చల్లిల్లు కట్టించిన సంస్థ వాళ్ళిచ్చిన, నాడి కొలిచే కడియాలు తుడిచి వరసగా పెడతాను. లోపలికి వచ్చినవాళ్ళు కడియం తొడుక్కుంటారు, వెళ్ళేటప్పుడు తీసి గుమ్మం పక్కన పెడతారు. దీపం వెలిగిస్తే గుమ్మం గోల పెడుతుంది. అందుకని కూర్మనాథస్వామి పటం ముందు బియ్యప్పిండితో దీపం బొమ్మ వేసి నమస్కారం చేసుకుంటాను. ఆ తర్వాత పంచాంగం చదువుతాను. తిథి, వారం, నక్షత్రం. గదిలో చాపల మీద పడుకున్నవాళ్ళంతా అప్పుడు మాటలాపి వింటారు. నా గొంతు చిన్నది. అయినా ఆ కాసేపు అందరికీ వినిపిస్తుంది.

"ఏటి వరాలూ, ఇయాల నచ్చత్రం ఏటి?" అని గున్నమ్మప్ప అడిగింది. మా వీధికి పెద్ద ఆమే. మనవరాల్ని ఒళ్ళో వేసుకుని ఎప్పుడూ తలుపుకి దగ్గరగా కూర్చుంటుంది.

"పుష్యమి అప్పా. మంచిదే."

"అయితే ఇయాల ఎవులికీ బయం నేదు. కాళ్ళు సాపుకొని తొంగోండి."

అందరూ నవ్వారు. తర్వాత ఆమె లేచి బయటికి నడిచింది. తన కాళ్ళతో నడిచి వెళ్ళేవాళ్ళకి గుమ్మం వేరే మాట చెబుతుంది. "శుభం. మీరు పూర్తిగా కోలుకున్నారు."

"నాకేటైందని కోలుకోడానికి? ఒంటేలుకెల్తన్నానే నాయినా!" అంది గున్నమ్మప్ప గుమ్మంతో. మళ్ళీ నవ్వులు. మా ఆయన సన్యాసిరావైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. డయాలసిస్ బండి వచ్చి వెళ్ళిన మర్నాడు ఆయన ఇలాగే హుషారుగా ఉంటాడు. మంగళవారం, శుక్రవారం ఆ బండి మా కాలనీకి వస్తుంది. అందులో రక్తం శుభ్రం చేయించుకుని దిగితే ఆయన మళ్ళీ మనిషవుతాడు.

నేను నవ్వలేకపోయాను. నక్షత్రం ఎందుకడుగుతారో ఇన్నాళ్ళూ నేను ఆలోచించలేదు. భక్తి అనుకున్నాను. చెడ్డ నక్షత్రంలో చావు జరిగితే ఆ ఇల్లు మూసెయ్యాలి. కృత్తికైతే మూడు నెలలు, ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఉన్న ఐదు నక్షత్రాల్లో అయితే ఆరు నెలలు. మా అమ్మ కాలం నుంచి పాటిస్తున్నదే, నేనూ నమ్ముతాను. చల్లిల్లు మూతపడితే వీధి వీధంతా ఈ ఎండలకి ఎక్కడికి పోవాలి? అందుకని పోయేలా ఉన్నవాళ్ళని ఊపిరి ఉండగానే బయటికి తీసుకెళ్తారు. మంచి రోజైతే సొంతింటికి మోసుకెళ్తారు, చెడ్డ రోజున అక్కడికీ తీసుకెళ్ళరు, అదీ మూయాలి కదా. ఉప్పుచేల అంచున ఒక రేకుల పందిరి ఉంది. అది ఏ వీధికీ చెందదు. అక్కడ పడుకోబెడతారు.

నేను చదివేది వాళ్ళు అందుకు వింటున్నారు.

వైశాఖ శుద్ధ ఏకాదశి, హస్త

ఉపవాసం. సంస్థ నుంచి డాక్టర్ విభావరి గారు వచ్చారు. ముప్పై ఏళ్ళ పిల్ల. నేలమీదే కూర్చుంటుంది, మా గంజే తాగుతుంది, ముసలివాళ్ళ పాదాలు తనే ఒత్తి వాపు చూస్తుంది. ఆమెని చెడ్డదని ఎవరూ అనలేరు. కొండ మీద పట్నంలో వాళ్ళు ఎనభై ఏళ్ళు బతుకుతుంటే కింద మేము యాభై ఐదు దాటడం కష్టంగా ఉంది. ఆ తేడా ఎలా తగ్గించాలో కనిపెట్టడం ఆమె పని. మూడేళ్ళ కిందట పద్నాలుగు వీధులకు చీటీలు వేసి ఏడింటికి చల్లిళ్ళు కట్టారు. మిగతా ఏడింటికి కట్టలేదు. రెండు రకాల వీధుల్నీ పోల్చి చూస్తారు. మా చీటీ వచ్చిన రోజు నేను స్వామికి కొబ్బరికాయ కొట్టాను. ఆరో వీధి వాళ్ళకి ముఖం చూపించలేక వారం రోజులు అటు వెళ్ళలేదు.

ఇవాళ విభావరి గారి ముఖం వెలిగిపోతోంది. "వరహాలమ్మ గారూ, మూడేళ్ళలో మీ ఏడు చల్లిళ్ళలో ఒక్క మరణం కూడా లేదు. వచ్చినవాళ్ళంతా కోలుకుని వెళ్ళారు. ఇంత మంచి ఫలితం ఎక్కడా రాలేదండీ. మిగతా ఏడు వీధులకీ చల్లిళ్ళు వస్తాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. గున్నమ్మప్ప ఆమె తల నిమిరి, "నీ కడుపు సల్లగుండ, బంగారు తల్లీ" అంది.

విభావరి గారు మా ఆయన వైపు తిరిగి కాస్త తగ్గు గొంతుతో చెప్పారు. "చల్లిళ్ళే ఇంత బాగా పనిచేస్తుంటే డయాలసిస్ బండి ఖర్చు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. ఈ వారం నుంచి మంగళవారం ఒక్కటే వస్తుంది. ఆషాఢం నుంచి బండిని వేరే చోటికి పంపుతారట. చల్లగా ఉంటే కొత్తగా కిడ్నీ జబ్బులు రావు కదా అంటున్నారు."

"పాత జబ్బోలమో, అమ్మా?" అన్నాడు మా ఆయన, నవ్వుతూనే.

ఆమె గంజి గ్లాసు కింద పెట్టి లేచింది.

నాకు చెప్పాలనిపించింది. సూరమ్మ పిన్ని పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ చూశాను. అందరూ సంతోషంగా ఉన్నారు. గున్నమ్మప్ప మాత్రం నన్నే చూస్తోంది. నేను తడికలు తడపడానికి వెళ్ళిపోయాను.

వైశాఖ బహుళ సప్తమి, ధనిష్ఠ

ఈ రోజు పంచాంగం తెరవకుండా ఉండవలసింది.

"ధనిష్ఠ" అని చదివాను. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అందరి కళ్ళూ ఒకే చోటికి వెళ్ళాయి. మూలన ఎర్రయ్య పడుకుని ఉన్నాడు. సోలారు పలకలు తుడిచే పని అతనిది. మొన్న పలకల మీదే సొమ్మసిల్లితే తెచ్చారు. ఒళ్ళు కాలుతోంది కానీ నిన్నటికంటే తగ్గింది. పొద్దున రెండు గుక్కలు గంజి తాగాడు. నా చేత్తో నేనే పట్టాను.

అతని తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఒరే, నాను బాగానే ఉన్నాన్రా. మొన్నటికంటే నయంగుంది" అన్నాడు ఎర్రయ్య.

"ఏటి బాగు? ఐదురోజులు పంచకం. ఈలోపల ఏటైనా అయితే ఎవులు పూచీ?" అన్నాడు తమ్ముడు. అతని పిల్లలిద్దరూ అదే గదిలో ఉన్నారు.

"పంచకం దాటేదాకా సూడండర్రా, ఆ మాత్రం బతకనేటి?"

మంచం ఎత్తారు. ఇంతకుముందెప్పుడూ ఇలా జరగలేదు. పోతాడని తెలిసినవాళ్ళనే తీసుకెళ్ళేవారు. ఈసారి పోతాడేమోనని తీసుకెళ్ళారు. "దించండి, దించండి" అంటూనే అతను గుమ్మం దాటాడు. గుమ్మం శుభం చెప్పింది.

ఎర్రకూత అయిపోయింది కాబట్టి నేను వెళ్ళకూడదు. అయినా తడిబట్ట, చెంబు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. పందిరి రేకులు పెనంలా ఉన్నాయి. ఆ నీడ కూడా వేడే. మధ్యాహ్నానికి ఎర్రయ్య మాట్లాడడం మానేశాడు. నేను విష్ణునామాలు చదువుతుంటే మధ్యలో ఒకసారి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు.

చల్లింట్లో ఉంచితే బతికేవాడు. ఇది నేను ఊహించి రాయడం లేదు. గంజి తాగిన మనిషి.

వైశాఖ బహుళ అష్టమి, శతభిషం

ఎర్రకూతకు ముందే విభావరి గారి గదికి వెళ్ళాను. కాలనీ మొదట్లో రేకుపెట్టెలాంటి ఆఫీసు అది. నిలబడే చెప్పాను. నక్షత్రం, పందిరి, సూరమ్మ పిన్ని, ఎర్రయ్య, అంతకుముందువాళ్ళు, అన్నీ. మిగతా ఏడు వీధుల్లో ఎండదెబ్బకి మనిషి ఉన్నచోటే కూలిపోతాడు, మోసుకెళ్ళే వ్యవధి ఉండదు, అందుకే అక్కడ చావులు ఇళ్ళల్లో కనిపిస్తున్నాయని చెప్పాను. మా దగ్గర చల్లదనం వల్ల కొందరు నిజంగానే బతికారని కూడా చెప్పాను. మిగిలినవాళ్ళకి అది కొంచెం గడువే ఇచ్చింది. ఆ గడువులో వాళ్ళని బయటికి మోశాం.

ఆమె కంప్యూటర్ తెర మీద మా వీధి లెక్కలు తీసింది.

"గుమ్మం దాటేటప్పుడు నాడి ఉందా అండీ?"

"ఉందమ్మా."

"అయితే కోలుకున్నట్టే లెక్క. పని మొదలుపెట్టే ముందే అలా రాసుకున్నాం. ఇప్పుడు మారిస్తే మాకు కావలసినట్టు మార్చుకున్నామంటారు. మొత్తం కొట్టేస్తారు. చల్లిళ్ళు కూడా తీసేస్తారు."

"మరి పందిరి?"

"పందిరి ఏ వీధిలోనూ లేదు కదండీ." ఆ మాట అని తనే కళ్ళు మూసుకుంది. "నివేదిక చివర్లో ఒక మాట రాస్తాను."

"పైవాళ్ళు చివరిదాకా చదువుతారా అమ్మా?"

ఆమె కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. "ఆ నక్షత్రాల సంగతి వివరంగా చెప్పండి. ఏది మంచిది, ఏది కాదు. మీ ఆచారాలను మేం పట్టించుకోలేదని పోయినసారి పైవాళ్ళు మమ్మల్ని తప్పుపట్టారు." నేను ఇరవై ఏడూ చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది. ఎర్రకూత పెడుతుంటే పరుగున వచ్చేశాను.

వైశాఖ బహుళ దశమి, ఉత్తరాభాద్ర

మొన్న శుక్రవారం కూడా బండి రాలేదు. రాదని తెలిసినా మా ఆయన చొక్కా తొడుక్కుని వీధి మొదట్లో నిలబడి, కూత పెట్టాక వచ్చాడు. నిన్నటికి పాదాలు, ముఖం ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడడం లేదని రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున చల్లింటికి తెచ్చాను. నేను పంచాంగం తీయలేదు. ఎవరూ అడగనూ లేదు. పంచకం నాలుగో రోజని అందరికీ తెలుసు.

ధర్మాసుపత్రి కొండ మీద ఉంది. సాయంత్రం దాకా బళ్ళు లేవు. ఆయనకి సాయంత్రం దాకా వ్యవధి లేదని ఆయన ఊపిరి వింటేనే తెలుస్తోంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. స్వామి పటం ముందే వచ్చింది. ఈ గదిలో, ఈ కడియం చేతికి ఉండగా ఆయన పోతే గుమ్మం రాయక తప్పదు. మూడేళ్ళలో ఒక్క చావు. సున్నా పోతుంది. సున్నా పోతే, బండి ఎందుకని అడిగినవాళ్ళు మళ్ళీ ఆలోచిస్తారు. మా కాలనీలో ఆ బండెక్కేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

వెళ్ళి గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను.

గున్నమ్మప్ప వచ్చింది. మనవరాలు భుజం మీద నిద్రపోతోంది. "లెగు వరాలూ. తప్పుకో."

"లెగనప్పా."

"ఇక్కడ పోతే ఆర్నెల్లు మూసీయాల. ఈ గుంటని ఎక్కడ పెట్టమంతావు? నా తల మీదా?"

"గుమ్మం ఒక్కపాలైనా నిజం రాయాలప్పా. రాస్తే బండొత్తాది."

"సన్నాసి పోయినాక బండొచ్చి ఏటి సేత్తాది?"

"మిగిలినోలకి వత్తాది."

ఆమె నా ఎదురుగా కూలబడింది. గొంతు పెంచలేదు. "మా ఆయన్ని నా సేతుల్తో ఎత్తించినాను. పందిరి కింద నా పేరు పెట్టి పిలుత్తా పోనాడు. ఆ పొద్దు నచ్చత్రం సదివింది నువ్వే గదే. అప్పుడు నువ్విలగ అడ్డం కూకోనేదే."

అయినా నేను లేవలేదు. గదిలో ఎవరూ మమ్మల్ని బలవంతంగా లాగలేదు. అందరూ తల దించుకుని కూర్చున్నారు.

మా ఆయన అన్నీ వింటూనే ఉన్నాడు. కాసేపటికి మామూలు గొంతుతో, రోజూ ఇంట్లో పురమాయించినట్టే, "ఒలే వరాలూ, తడికలారిపోతన్నాయి. పిల్లలకి సెమట్లు పడతన్నాయి, సూడు" అన్నాడు.

చూశాను. నిజంగానే ఆరిపోతున్నాయి. లేచి వెనక్కి వెళ్ళి బిందె ముంచి పోశాను. రెండో బిందె ముంచుతుంటే గుమ్మం గొంతు వినిపించింది.

"శుభం. మీరు పూర్తిగా కోలుకున్నారు."

బిందె వదిలేసి పరుగెత్తాను. ఆయన బయట, ఎండలో, గోడ పట్టుకుని నిలబడ్డాడు. కడియం తీసి గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టి ఉంది.

"నడిసే వచ్చినాను. సూసినావా?" అన్నాడు. చిన్నపిల్లాడిలా గర్వంగా అన్నాడు.

గున్నమ్మప్ప ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. పందిరి దాకా మాతో నడిచాడు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాక, "కోప్పడకే. నలుగురూ సల్లగుండాల గదా" అన్నాడు. నేను కోప్పడలేదని చెప్పాను. వినిపించిందో లేదో తెలియదు.

జ్యేష్ఠ బహుళ చవితి, శ్రవణం

ఇన్ని రోజులు రాయలేకపోయాను.

పద్నాలుగు వీధులకూ చల్లిళ్ళు వచ్చాయి. తేడా తగ్గిందని పట్నంలో సభ పెట్టారట. డయాలసిస్ బండి ఆషాఢం దాకా కూడా ఆగలేదు. విభావరి గారు మా ఇంటికి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నివేదిక చివర్లో రాశానని చెప్పింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీరు చెప్పినవన్నీ వృథా పోలేదండీ. మీ ఆచారాన్ని గౌరవించాలని గుమ్మాలకి కొత్త మాట నేర్పించాం" అంది. మంచి చేశాననే అనుకుంది.

ఈ రోజు పొద్దున పద్నాలుగు వీధుల్లో పద్నాలుగు గుమ్మాలు ఒకేసారి పలికాయి. "శుభోదయం. ఈ రోజు నక్షత్రం శ్రవణం. రేపు ధనిష్ఠ. జాగ్రత్తగా ఉండండి."

నేను పంచాంగం మూసేసినా ఇక ఏ లాభమూ లేదు. నా గొంతు చిన్నది, దానిది కాదు. ఆరో వీధిలో అది చెప్పిన మాట ఇక్కడికి వినిపించింది. గదిలో కళ్ళు కదలడం మొదలైంది. ఈసారి అవి తలుపు దగ్గరికి వెళ్ళి ఆగాయి. గున్నమ్మప్ప మనవరాలికి నిన్నటి నుంచి ఒళ్ళు కాలుతోంది.

గున్నమ్మప్ప పిల్లని కొంగులో దాచుకుని నా దగ్గరికి జరిగింది. "వరాలూ, ఈ గుమ్మం నోరు మూయించలేవేటే?"

"నా సేతిలో నేదప్పా" అన్నాను. పిల్ల నుదుటి మీద తడిబట్ట వేశాను. రేపు నేను మళ్ళీ గుమ్మంలో అడ్డంగా కూర్చుంటాను. ఈసారి తడికలు ఆరినా లేవను. నా పక్కన గున్నమ్మప్ప కూర్చుంటానంది. మేమిద్దరం సరిపోతామో లేదో స్వామికే తెలుసు.

ఈ కాగితాలను స్వామి పటం వెనక పెడుతున్నాను. నా తర్వాత ఈ చల్లింటిని చూసుకునే ఆమెకు ఇవి దొరుకుతాయి. అమ్మా, వీటిని ఎవరికీ చూపించకు. చూపిస్తే చల్లిళ్ళు తీసేస్తారు. ఈ చల్లదనం వల్ల నిజంగా బతికిన పిల్లలు ఉన్నారు, వాళ్ళ నోటి దగ్గరది లాగెయ్యకూడదు. కానీ పారేయకు. సూరమ్మ కోలుకోలేదు. ఎర్రయ్య కోలుకోలేదు. సన్యాసిరావు కోలుకోలేదు. లోకంలో ఒక్క చోటైనా అలా రాసి ఉండాలి.

కింద కొంచెం చోటు వదిలాను. రేపు ఎలా గడిచిందో అక్కడ రాస్తాను. ఆ చోటు నీకు ఖాళీగా కనిపించినా సరే, దాచి ఉంచు.